నెల్లూరు ప్రాంతంలో ఇంటి నుంచి పని

ఇంటి నుంచి పని (వాడుకలో వర్క్ ఫ్రమ్ హోమ్) అనగా ఉద్యోగి లేదా వృత్తిదారు కార్యాలయానికో కర్మాగారానికో వెళ్ళకుండా, తాను నివసించే ఇంటినే పనిచోటుగా చేసుకొని జీవనోపాధి పొందే విధానం. 2020 లాక్‌డౌన్ కాలంలో ఈ మాట ఇంటింటికీ చేరింది గాని, పద్ధతి మాత్రం కొత్తది కాదు. బంగాళాఖాతం తీరాన ఉన్న శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా, ఒకప్పుడు ఆ జిల్లాలో భాగమైన వెంకటగిరి ప్రాంతం ఇందుకు మంచి ఉదాహరణలు. ఇక్కడి నేత కుటుంబాలలో మగ్గం, వంటిల్లు తరతరాలుగా ఒకే కప్పు కింద ఉన్నాయి. ఇటీవలి కాలంలో చెన్నై, బెంగళూరు, హైదరాబాదు నగరాల సంస్థలలో ఉద్యోగం చేసేవారు కూడా సొంత ఊళ్ళలోని ఇళ్ళలో కూర్చొని పనిచేయసాగారు. పనికీ కుటుంబ జీవితానికీ మధ్య హద్దు ఎక్కడ ఉండాలన్నది ఈ రెండు తరగతులవారికీ ఉమ్మడి సమస్య.

మగ్గం ఉన్న ఇల్లు

వెంకటగిరికి పూర్వనామం కలిమిలి. వెలుగోటి వంశపు రాజుల ఆదరణలో ఇక్కడి నేత పేరు పొందినది. 2022 ఏప్రిల్ 4న జరిగిన జిల్లాల పునర్విభజనలో ఈ పట్టణం నెల్లూరు జిల్లా నుండి తిరుపతి జిల్లాకు మారింది. వెంకటగిరి చీరలు సన్నని నూలుకు, జరీ అంచులకు, జాందానీ పద్ధతిలో నేసే బుటాలకు ప్రసిద్ధి; వీటికి భౌగోళిక గుర్తింపు కూడా ఉన్నది. చేనేత నాయకుడు ప్రగడ కోటయ్య పేరిట చేనేత సాంకేతిక విద్యాసంస్థ ఈ పట్టణంలో పనిచేస్తున్నది. నెల్లూరుకు సమీపంలో కోవూరు మండలం పాటూరు కూడా నేతపనికి పేరున్న గ్రామమే.

వెంకటగిరి నేతలో 100 నంబరు నూలు వాడకం ఎక్కువ. నంబరు అనగా ఒక పౌను బరువుకు ఎన్ని చిలపలు తూగుతాయో తెలిపే లెక్క. ఒక్కొక్క చిలప పొడవు 840 గజాలు. అంటే 100 నంబరు నూలులో ఒక పౌను బరువుకు 84,000 గజాల దారం ఉంటుంది. ఇంత సన్నని పోగు తెగితే వెతికి పట్టుకొని అతకడానికి మంచి వెలుతురు కావాలి. అందువలన ఈ పనికి పగటివేళే అనువైనది. దీపాలు వచ్చిన తరువాత రాత్రి కూడా నేయడం సాధ్యమైనది గాని, దాని భారం కళ్ళమీద పడుతుంది.

నేత కుటుంబపు ఇంట్లో మగ్గం ఒక గదిలోనో వసారాలోనో ఉంటుంది. గుంట మగ్గమైతే నేలలో గొయ్యి తీసి, నేతగాడు అంచున కూర్చొని కాళ్ళు గుంటలోకి వదలి, తొక్కుడు చెక్కలను కాళ్ళతో ఆడిస్తూ నేస్తాడు. చూసేవారికి మగ్గంమీద ఉన్న ఒక్క మనిషే కనిపిస్తాడు. నిజానికి ఆ చీర వెనుక ఇంటిల్లిపాది శ్రమ ఉంటుంది. రాట్నం మీద కండెలు చుట్టడం, ఆసు పోయడం, పాత పడుగు చివరలకు కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటిగా అతకడం వంటి పనులను స్త్రీలు, వృద్ధులు చేస్తారు. పడుగును వీధిలో సాగదీసి గంజి పట్టించే పని ఎండ ముదరక ముందే జరగాలి; దానికి ఇరుగుపొరుగు కూడా చేయి వేస్తారు. మజూరీ మాత్రం చీరకు ఇంత అని కట్టి ఇస్తారు. కండెలు చుట్టిన చేతికి విడిగా కూలి రాదు. కుటుంబంలో ఎవరు ఎన్ని గంటలు పనిచేశారన్న లెక్క ఎక్కడా నమోదు కాదు. ఇంటి నుంచి పనిలో అన్నింటికంటె పాతదీ, నేటికీ తీరనిదీ అయిన చిక్కు ఇదే.

2019-20లో జరిగిన నాల్గవ అఖిల భారత చేనేత గణన ప్రకారం దేశంలో 31 లక్షలకు పైగా కుటుంబాలు చేనేత, దాని అనుబంధ పనులలో ఉన్నాయి. నేతపనివారిలో సుమారు 72 శాతం స్త్రీలు. చేనేత అనగానే పురుషుని బొమ్మ గీసే పాఠ్యపుస్తకాలు ఈ అంకెను గమనించవలసి ఉన్నది.

మగ్గానికి కొన్ని సహజమైన విరామాలు ఉన్నాయి. పడుగు అయిపోయి చీరలు దించిన తరువాత, కొత్త పడుగు ఎక్కించేదాకా నేత ఆగుతుంది. చాలా నేత ఊళ్ళలో అమావాస్యనాడు మగ్గం ఆడించరు. ఆదివారపు సెలవు ఈ దేశానికి రాకముందే ఉన్న సెలవు అది. వెంకటగిరిలో వినాయక చవితి తరువాత జరిగే పోలేరమ్మ జాతరకు ఊరంతా పని మానుకొని కదులుతుంది. వానలు కూడా మగ్గాన్ని ఆపుతాయి. అయితే ఇది కోరుకున్న విరామం కాదు. నెల్లూరు ప్రాంతానికి ఈశాన్య రుతుపవనాల వర్షమే ముఖ్యం. అక్టోబరు నుండి డిసెంబరు వరకు ముసురు పట్టినప్పుడు నేల చెమ్మగిల్లుతుంది, గుంటలోకి నీరు ఊరుతుంది, గంజి పట్టిన పోగు మెత్తబడుతుంది. పని లేని రోజుకు మజూరీ లేదు. అప్పుడు పోయిన రోజులను ఎండలు కాచిన తరువాత అదనపు గంటలతో పూడ్చుకోవలసి వస్తుంది.

ఇదే విధమైన ఇంటి పరిశ్రమకు జిల్లాలోని ఉదయగిరి చెక్క చెంచాల తయారీ మరొక ఉదాహరణ. రాట్నం విషయం కొంత వేరు. 1921 ఏప్రిల్ 7న నెల్లూరు సమీపంలోని పల్లిపాడులో గాంధీజీ ప్రారంభించిన పినాకినీ సత్యాగ్రహాశ్రమం కాలపు ఖద్దరు ఉద్యమం నూలు వడకడాన్ని తీరిక వేళల పనిగా భావించినది. తీరిక వేళలో పని, పని వేళలో తీరిక అన్న తేడా చిన్నదిగా తోచవచ్చును గాని, ఇంటి నుంచి పనిలో మంచిచెడులు చాలావరకు దానిమీదే ఆధారపడి ఉన్నాయి.

కంప్యూటరు ఇంటికి రావడం

ఉద్యోగి కార్యాలయానికి ప్రయాణించే బదులు పనినే తంతుల ద్వారా ఉద్యోగి వద్దకు పంపవచ్చునన్న ఆలోచనకు టెలికమ్యూటింగ్ అనే పేరు పెట్టినవాడు అమెరికాకు చెందిన జాక్ నిల్స్ (1973). భారతదేశంలో సాధారణ ప్రజలకు ఇంటర్నెట్ సేవలు 1995 ఆగస్టు 15న మొదలైనవి. ఆంధ్రప్రదేశ్‌లో ఇళ్ళకు తక్కువ ధరకు తీగ ద్వారా ఇంటర్నెట్ అందించే ఫైబర్ గ్రిడ్ పథకాన్ని 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించారు.

నెల్లూరు పట్టణం చెన్నైకి సుమారు 175 కిలోమీటర్ల దూరంలో, జాతీయ రహదారిమీద, చెన్నై – విజయవాడ రైలు మార్గంమీద ఉన్నది. అందువలన ఇక్కడి యువత చదువుకు, ఉద్యోగానికి చెన్నై వెళ్ళడం చిరకాలంగా ఉన్నదే. రాష్ట్రంలో తొలి కోవిడ్ కేసు నమోదైనది కూడా నెల్లూరులోనే (2020 మార్చి 12). ఆ నెల 25 నుండి దేశమంతటా లాక్‌డౌన్ అమలు కాగా, నగరాలలో అద్దె ఇళ్ళు ఖాళీ చేసి వచ్చిన ఉద్యోగులతో జిల్లాలోని ఊళ్ళు నిండినవి. ఇతర సేవా సంస్థల కొరకు ఉన్న టెలికాం నిబంధనలను కేంద్ర ప్రభుత్వం 2020 నవంబరులో సడలించి, ఉద్యోగి ఇంటిని కూడా సంస్థకు కొనసాగింపుగా గుర్తించినది. 2022 జులైలో ప్రత్యేక ఆర్థిక మండళ్ళ నియమాలలో మార్పు చేసి, సగంమంది ఉద్యోగుల వరకు ఇంటి నుండి పనిచేయడానికి వీలు కల్పించారు. తరువాతి సంవత్సరాలలో అనేక సంస్థలు వారానికి కొన్ని రోజులు కార్యాలయానికి రావాలని నియమం పెట్టినవి. వారంలో కొన్నాళ్ళు ఇల్లు, కొన్నాళ్ళు ఆఫీసు అనే మిశ్రమ పద్ధతి ఆ విధంగా స్థిరపడినది.

హద్దులు చెరగడం

ఇంట్లో కూర్చొని చేసే కంప్యూటరు పనికి మగ్గానికున్న విరామాలు లేవు. పడుగు దిగడం అంటూ ఉండదు, వెలుతురు తగ్గడం అంటూ ఉండదు. పైగా అమెరికా ఖాతాదారులకు పనిచేసేవారికి కాలభేదం ఒక అదనపు చిక్కు. న్యూయార్కులో ఉదయం 10 గంటలైతే నెల్లూరులో వేసవి కాలమానం ప్రకారం రాత్రి 7:30, శీతాకాలంలో 8:30. అక్కడివారి రోజు మొదలయ్యే వేళకు ఇక్కడ పిల్లల చదువులు, రాత్రి భోజనాలు. సమావేశం ఆ సమయంలోనే జరగాలి. ఉదయం మళ్ళీ ఇక్కడి బృందంతో పని ఉంటుంది. రెండు కొసలా కాలే వత్తిలాగా రోజు సాగుతుంది.

మరొక తేడా గమనింపదగినది. మగ్గం చప్పుడు వీధిలోకి వినిపిస్తుంది. నేస్తున్న మనిషిని పిలిచి అంగడికి పంపరు. కంప్యూటరు ముందున్న మనిషి ఇతరుల కంటికి ఊరికే కూర్చున్నట్లే కనిపిస్తాడు. గ్యాసు బండ వచ్చినా, చుట్టం వచ్చినా, కరెంటు బిల్లు కట్టాలన్నా ఇంట్లోనే ఉన్నాడు కదా అని అతనికే చెబుతారు. ఇంటివారి దృష్టిలో అతడు సెలవులో ఉన్నాడు. అధికారి దృష్టిలో అతడు ఇరవైనాలుగు గంటలూ ఆఫీసులోనే ఉన్నాడు. ఈ రెండు అపోహల మధ్య నలిగినవాడు పనిలో వెనుకబడతాడు, లేదా నిద్ర తగ్గించుకుంటాడు. ఎక్కువమంది చేసేది రెండవదే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ 2021లో ప్రకటించిన అధ్యయనం ప్రకారం వారానికి 55 గంటలు, ఆపైన పనిచేసేవారికి 35 – 40 గంటలు పనిచేసేవారితో పోల్చితే పక్షవాతం వచ్చే ప్రమాదం 35 శాతం, గుండెజబ్బుతో మరణించే ప్రమాదం 17 శాతం ఎక్కువ. 2016 సంవత్సరంలో దీర్ఘ పనిగంటల కారణంగా సంభవించిన మరణాలు సుమారు 7,45,000 అని అంచనా వేశారు.

ఇంటి నుంచి పని వలన లాభాలు లేకపోలేదు. చైనాలోని సీట్రిప్ అనే ప్రయాణ సేవల సంస్థలో తొమ్మిది నెలలపాటు జరిపిన ప్రయోగంలో, ఇంటి నుండి పనిచేసిన ఉద్యోగుల పనితీరు 13 శాతం మెరుగైనదని నికొలస్ బ్లూమ్, అతని సహచరులు 2015లో ప్రకటించారు. కాని ప్రయోగం ముగిసి, ఎవరి ఇష్టం వారిదన్నప్పుడు, ఇంటి నుండి పనిచేసినవారిలో దాదాపు సగంమంది తిరిగి ఆఫీసుకే వెళ్ళారు. ఒంటరితనం అందుకు ముఖ్యమైన కారణం. అదే సంస్థలో వారానికి రెండు రోజులు మాత్రమే ఇంటి నుండి పనిచేయించిన తరువాతి ప్రయోగంలో ఉద్యోగం మానివేసేవారి సంఖ్య మూడవ వంతు తగ్గినట్లు 2024లో వెల్లడైనది. పూర్తిగా ఇల్లు, పూర్తిగా ఆఫీసు అన్న రెండింటికంటె మధ్యేమార్గం మేలన్న అభిప్రాయానికి ఈ ఫలితాలు బలం ఇస్తున్నాయి.

స్త్రీలపై రెండింతల భారం

ఇంటి నుంచి పని స్త్రీలకు అనుకూలమని తరచుగా చెబుతారు. ఈ మాటలో సగమే నిజం ఉన్నది. కేంద్ర ప్రభుత్వం జరిపిన కాల వినియోగ సర్వే (2019) ప్రకారం వంట, శుభ్రం వంటి జీతం లేని ఇంటిపనులు చేసే స్త్రీలు రోజుకు 299 నిమిషాలు వాటికి వెచ్చిస్తుండగా, అటువంటి పనులు చేసే పురుషులు 97 నిమిషాలు వెచ్చిస్తున్నారు. 2024 సర్వేలో ఈ అంకెలు వరుసగా 289, 88. ఐదేళ్ళలో స్త్రీల భారం పది నిమిషాలు తగ్గినది; పురుషుల వాటా తొమ్మిది నిమిషాలు తగ్గినది. అనగా తేడా దాదాపు ఉన్నచోటనే ఉన్నది.

ఆఫీసుకు వెళ్ళే కోడలికి ఉదయం తొమ్మిది నుండి సాయంత్రం ఆరు వరకు ఇంటి బాధ్యత ఉండదు. అదే ఉద్యోగం ఇంట్లో చేస్తున్నప్పుడు పాలపొంగు చూడడం, బడి నుండి వచ్చిన పిల్లవాడికి అన్నం పెట్టడం, పెద్దవారికి మందులివ్వడం ఆ తొమ్మిది గంటలలోకే వచ్చి చేరతాయి. రాట్నం తిప్పుతూ పొయ్యిమీది కుండను కనిపెట్టుకొని ఉన్న నేత ఇల్లాలి పరిస్థితి కూడా ఇటువంటిదే. అయితే బిడ్డను విడిచి నగరానికి వెళ్ళలేని తల్లికి, పెళ్ళితో ఊరు మారిన యువతికి ఉద్యోగం నిలబడడమే గొప్ప విషయమన్నది కూడా మరువరాదు. ప్రయాణంలో పోయే రెండు మూడు గంటలు, నగరపు అద్దె మిగులుతాయి. ఆ మిగులు ఎవరి విశ్రాంతికి దక్కుతున్నదన్నది ఇంటింటికీ మారుతుంది.

తీరప్రాంతపు ప్రత్యేక పరిస్థితులు

వాయుగుండాలు, తుఫానులు నెల్లూరు తీరానికి అలవాటే. 2021 నవంబరులో పెన్నా నదికి వచ్చిన వరదలో పడుగుపాడు వద్ద రైలు కట్ట కొట్టుకుపోయి రాకపోకలు నిలిచినవి. 2023 డిసెంబరు 5న బాపట్ల సమీపంలో తీరం దాటిన మిచాంగ్ తుఫాను ముందురోజులలో నెల్లూరు జిల్లాలో భారీ వర్షాలు కురిశాయి. ఇటువంటి సమయాలలో విద్యుత్తు, ఇంటర్నెట్ రెండూ పోతాయి. ఇన్వర్టరు కొన్ని గంటలు నిలబెట్టినా, సెల్ టవరుకు కరెంటు లేకపోతే చేయగలిగినది లేదు. కార్యాలయంలో ఉన్నప్పుడు ఈ బాధ్యత యాజమాన్యానిది. ఇంట్లో ఉన్నప్పుడు అది ఉద్యోగిదే అవుతున్నది. వాన పడితే మగ్గం ఆగినట్లే, వాన పడితే తీగ ఆగుతుంది; పోయిన గంటలను ఆదివారం పూడ్చడమూ ఉభయులకూ సమానమే.

సముద్రంలో మరపడవల వేటకు మాత్రం తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజుల నిషేధం ఉన్నది. ఇది చేపల సంతానోత్పత్తి కొరకు పెట్టిన నియమం. 

సమతుల్యతకు ఉపకరించే పద్ధతులు

పనిచేసే చోటును వేరుచేయడం అన్నింటికంటె ముఖ్యమైనది. గది లేని ఇళ్ళలో వసారాలో ఒక మూల, ఒక బల్ల, గోడకు ఎదురుగా వేసిన కుర్చీ చాలును. మంచంమీద కూర్చొని పనిచేయడం వలన నడుము నొప్పి రావడమే గాక, పడుకున్నప్పుడు కూడా పని ఆలోచనలే వెంటాడతాయి. పని ముగిసిన తరువాత కంప్యూటరును సంచిలో పెట్టి కనబడకుండా ఉంచేవారు, ఆ తరువాత వీధిలో ఒక చుట్టు నడిచి వచ్చేవారు ఉన్నారు. ఆఫీసు నుండి ఇంటికి ప్రయాణించే సమయంలో మనసు ఒక పనినుండి మరొకదానికి మళ్ళేది. ఆ చిన్న నడక దానికి బదులుగా పనికివస్తుంది.

ఇంటివారితో వేళలు ముందుగా మాట్లాడుకోవడం రెండవది. ఏ గంటల్లో పిలవకూడదో, ఏ గంటల్లో ఇంటి పని తనదో చెప్పకుండా, వారు గ్రహించాలని ఆశించడం వలన కోపతాపాలు పెరుగుతాయి. రాత్రి సమావేశాలు తప్పనివారు మర్నాడు ఉదయం ఆలస్యంగా మొదలుపెట్టే ఏర్పాటు అధికారితో చేసుకోవాలి. ఇది మొహమాటపడవలసిన విషయం కాదు. కళ్ళకు అలసట తగ్గడానికి ప్రతి ఇరవై నిమిషాలకు ఒకసారి దూరాన ఉన్న వస్తువును కొద్దిసేపు చూడాలని వైద్యులు సూచిస్తారు. సన్నని నూలు నేసేవారికీ ఇది వర్తిస్తుంది.

ఇవన్నీ ఉద్యోగి చేతిలో ఉన్న జాగ్రత్తలు. పని పరిమాణమే మోయలేనంత ఉన్నప్పుడు, మజూరీ కడుపు నింపనప్పుడు కాలపట్టికలు వేసుకొని ప్రయోజనం తక్కువ. చీరకు వచ్చే డబ్బు పెరగకుండా నేతవారిని ఎనిమిది గంటలే నేయమని చెప్పడం సలహా అనిపించుకోదు.

చట్టాలు, ప్రభుత్వ చర్యలు

1948 నాటి ఫ్యాక్టరీల చట్టం వారానికి 48 గంటల పరిమితి విధించినది. అది కర్మాగారాలకు వర్తించేదే గాని ఇంటికి కాదు. 1966 నాటి బీడీ, సిగారు కార్మికుల చట్టం మాత్రం ఇంటి వద్ద పనిచేసేవారిని కూడా కార్మికులుగా గుర్తించినది. సాఫ్టువేరు సంస్థలకు పనిగంటల నిబంధనల నుండి రాష్ట్ర ప్రభుత్వాలు మినహాయింపులు ఇస్తూ వచ్చాయి. 2017లో సవరించిన ప్రసూతి ప్రయోజన చట్టం 26 వారాల సెలవు ముగిసిన తరువాత, పని స్వభావాన్నిబట్టి, ఉభయుల అంగీకారంతో ఇంటి నుండి పనిచేసే అవకాశం కల్పించినది. నాలుగు కార్మిక స్మృతులు 2025 నవంబరు 21న అమలులోకి వచ్చినవి.

అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లో ఇంటి వద్ద పనిచేసేవారి కొరకు 177వ ఒడంబడికను ఆమోదించినది. భారతదేశం దానిని ధ్రువీకరించలేదు. పనివేళ ముగిసిన తరువాత ఫోనుకు, ఈమెయిలుకు బదులివ్వకుండా ఉండే హక్కును ఫ్రాన్సు 2017 జనవరి నుండి అమలు చేస్తున్నది. ఇదే ఉద్దేశంతో పార్లమెంటు సభ్యురాలు సుప్రియా సూలే 2018లో లోక్‌సభలో ప్రైవేటు బిల్లు ప్రవేశపెట్టారు గాని అది చట్టం కాలేదు.

నేతవారికి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019 డిసెంబరు నుండి నేతన్న నేస్తం పథకం కింద, సొంత మగ్గం ఉన్న కుటుంబానికి ఏడాదికి 24,000 రూపాయలు ఇచ్చినది. దాని ఐదవ విడత సొమ్మును 2023 జులై 21న వెంకటగిరిలో విడుదల చేశారు. సొంత మగ్గం లేక, ఇతరుల షెడ్డులో కూలికి నేసేవారు ఆ పథకం పరిధిలోకి రాలేదు.

2025 ఫిబ్రవరిలో ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు రాష్ట్రంలో, ప్రత్యేకించి మహిళల కొరకు, ఇంటి నుంచి పనిని పెద్దఎత్తున ప్రోత్సహిస్తామని ప్రకటించారు. రాష్ట్ర ఐటీ విధానంలో భాగంగా పట్టణాలలో, మండలాలలో ఉమ్మడి పనికేంద్రాల ఏర్పాటును కూడా ప్రభుత్వం ప్రతిపాదించినది. ఇంటికి నడిచి వెళ్ళే దూరంలో బల్ల, కరెంటు, ఇంటర్నెట్ ఉన్న ఇటువంటి కేంద్రం, ఊరు విడువకుండానే ఇంటిని, పనిని వేరుచేయడానికి వీలు కల్పిస్తుంది.